తెల్ల పూత

తెల్లబడతావని పిన్ని తెచ్చిచ్చిన క్రీము నా ముఖం తోలు ఊడగొట్టింది. ఎండ తగిలితే మంట. ఎండకి రాసుకునే సన్‌స్క్రీన్ తగిలితే అంతకన్నా మంట. చున్నీ చుట్టుకోకుండా ఎవరికీ ముఖం చూపించడం లేదు. ఇవాళ మందుల షాపులో ఏడ్చినంత పని చేశాను.

"మండనిది ఏదో ఒకటి ఇవ్వండక్కా. రేపు కూడా పనికి పోకపోతే నన్ను తీసేస్తారు."

షాపులో అక్క వెతికి వెతికి, వాసన లేని జింక్ సన్‌స్క్రీన్ ట్యూబొకటి తీసింది. "ఇది మండకపోవచ్చు. కానీ సున్నం కొట్టినట్టు తెల్లగా కనిపిస్తుంది. ముందు చెవి వెనక కాస్త రాసి, రేపటిదాకా చూడు."

రేపటిదాకా ఆగే ఓపిక నాకెక్కడిది? ఇంటికి రాగానే ముఖమంతా పట్టించి, పళ్లు బిగించి కూర్చున్నాను. మంట రాలేదు. హమ్మయ్య అనుకున్నాను.

అప్పుడే పిన్ని వచ్చింది. నా గడ్డం పట్టుకుని ముఖాన్ని కిటికీ వైపు తిప్పి చూసి, పొంగిపోయింది.

"చూశావా! కాస్త మండినా ఓర్చుకోమంటే నన్ను తిట్టిపోశావు. ఎంత తెల్లబడ్డావే!"

"అది సన్‌స్క్రీన్, పిన్నీ."

"చాల్లే, నాకు చెప్పకు. నీ గోల విని మా పిల్ల చిట్టికి ఆ క్రీము రాయడం మానేశాను, పిచ్చిదాన్ని. దాని ట్యూబు అలాగే ఉంది. ఇప్పుడే వెళ్లి రాస్తాను."

అప్పటికే చెప్పులేసుకుంటోంది. ఒక చేత్తో పిన్నిని పట్టి ఆపాను. రెండో చేత్తో చున్నీ అందుకుని, కింద ఉన్న పచ్చిపుండు బయటపడేదాకా ఆ పూతంతా బరబరా తుడిచేశాను.

"ఇప్పుడు చూడు, పిన్నీ."