చాకుది తప్పు కాదు

"ఏం పాపం చేసిందని దీన్నిలా హింసపెట్టావు బాబూ?" అన్నాడు పెద్దాయన, చేతిలోని మడత చాకును వెలుతురుకేసి తిప్పి చూస్తూ.

ఎదురుగా నిలబడ్డ మనిషి నలభై దాటినవాడు. ఆ వీధిలో ఎప్పుడూ కనపడని మొహం.

ఇంటిని ఆనుకుని ఉన్న కారు షెడ్డు అది. కొడుకు పోయిన దగ్గర్నుంచి అందులో కారు లేదు. ఆ ఖాళీ చూడలేక పెద్దాయన ఒక బల్ల వేసుకుని, వస్తువుని కదలకుండా కరిచిపట్టే వైసు ఒకటి దానికి బిగించుకుని, విరిగినవి బాగుచేస్తూ కూర్చునేవాడు. వీధి వీధంతా కత్తెరలూ, గొళ్ళేలూ, గొడుగులూ తెచ్చి ఆయన ముందు పడేసేది. నాలుగు చీవాట్లు కలిపి బాగుచేసి ఇచ్చేవాడు. చీవాట్లు అడగకపోయినా ఇచ్చేవాడు.

చాకు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. పిడి చెక్క ఉబ్బి పగిలింది.

పెద్దాయన కీలు దగ్గర నాలుగు చుక్కలు కిరసనాయిలు వేసి, పుల్లతో పొడిచాడు. ఎండిన బురద పొడిగా రాలింది. కాసేపు బతిమాలాక చాకు మూలుగుతూ తెరుచుకుంది.

మొన లేదు. అంచంతా రంపంలా పళ్ళు పడి ఉంది.

"ఇది వాడి వాడి అరిగింది కాదు. ఇనుముకేసి కొట్టావు. మొన దూర్చి పెకలించావు కూడా. అవునా?"

"అవునండీ."

"చాకుతో చేసే పనేనా అది?"

"అప్పుడు చేతిలో అదే ఉంది."

"ఇంతకీ ఏం కోద్దామని?"

"ఒక పట్టీ. మందంగా ఉంటుంది. తెగలేదు." ఆ మనిషి బల్ల మీదికి వంగి అడిగాడు. "ఒక్క సంగతి చెప్పండి. తెగకపోవడం చాకు తప్పా, నా తప్పా?"

రోగి మంచం పక్కన నిలబడి డాక్టర్ని అడిగినట్టు అడిగాడు. ఒక చాకు గురించి ఇంత బెంగేమిటని పెద్దాయనకు నవ్వొచ్చింది.

"బాగుచేశాక చెబుతాను. అయినా సానపట్టేవాళ్ళు అంతమంది ఉండగా నా దాకా ఎందుకొచ్చావు?"

"మీరు చెబితేనే నాకు నమ్మకం."

పేరు పక్క వీధులు దాటి పాకిందన్నమాట, అనుకున్నాడు పెద్దాయన. మనసులోనే మీసం మెలేసుకున్నాడు.

వారం రోజులు ఆయనకు ఆ చాకే లోకం. తుప్పు గీకాడు. కీలు మేకు ఊడదీసి కొత్తది కొట్టాడు. విరిగిన చోట ఆకురాయితో అరగదీసి మళ్ళీ మొన తీశాడు. పిడికి చెక్కలు మార్చాడు. సానరాయి మీద నీళ్ళు చల్లుకుంటూ, గోటి మీద ఆనించి చూసుకుంటూ పదును పెట్టాడు. తుప్పు కింద బయటపడ్డ ఉక్కు చూసి ఆశ్చర్యపోయాడు. అంత మంచి ఉక్కు ఎప్పుడోగాని చేతికి రాదు.

దాన్ని పాడుచేసినవాడి మీద కోపమూ అంతకంతకూ పెరిగింది.

చెప్పిన రోజుకి ఆ మనిషి వచ్చాడు. పెద్దాయన పాత సంచి పట్టీ ఒకటి వైసులో బిగించి, చాకు ఆనించి లాగాడు. పట్టీ తెగి వేలాడింది.

"చూశావా?"

ఆ మనిషి తెగిన పట్టీనే చూస్తున్నాడు.

"ఈ పదును అప్పుడుంటే, తెగేదాండీ?"

"తెగక చస్తుందా? ఒక్క లాగుకి."

"పట్టీ తడిసి ఉన్నా?"

"తడిసి ఉన్నా."

"నీళ్ళ అడుగున, కళ్ళకేమీ ఆనకుండా, ఊపిరి బిగబట్టి కోసినా?"

నీళ్ళ అడుగున ఏ కత్తి ఎలా కోస్తుందో పెద్దాయనకేం తెలుసు? తెలియదని ఊరుకోవచ్చు. కానీ పని కుదిరిన రోజున పనివాడి నోరు ఊరుకోదు.

"ఎక్కడైనా ఒకటే. ఉక్కు మేలైంది. సానపెట్టకుండా జేబులో పడేసుకు తిరిగింది నువ్వు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు చాకునంటావేం?"

"అనడం లేదండీ," అన్నాడా మనిషి మెల్లిగా. "నా తప్పేనేమోనని నాకూ ఉండేది. మీ నోటితో వినాలని వచ్చాను."

పెద్దాయన చాకు అందిస్తే పుచ్చుకోలేదు. రెండు చేతులూ జోడించాడు.

"మీ దగ్గరే ఉంచండి. ఇప్పుడు నాకెందుకు?"

గేటు దాటి వెళ్ళిపోయాడు.

పెద్దాయనకు మనసు చివుక్కుమంది. మరీ ఎక్కువ అన్నానేమో అనిపించింది. వెనక్కి పిలుద్దామంటే పేరైనా అడిగి ఉండలేదు.

అంతలో ఆఫీసు నుంచి తిరిగొస్తున్న కోడలు పరుగున వచ్చింది. భుజానికున్న సంచి జారిపోతున్నా చూసుకోలేదు.

"మామయ్యా, ఇప్పుడు మనింట్లోంచి వెళ్ళినాయన ఎందుకొచ్చారు?"

"చాకు బాగుచేయించుకోడానికి. ఏం?"

"ఏమడిగారు? మీరేమన్నారు?"

పెద్దాయన చెప్పసాగాడు. తెగని పట్టీ గురించి చెప్పాడు. తప్పు నీదేనన్నానని చెప్పాడు. నీళ్ళ మాట దగ్గరికి వచ్చేసరికి ఆయన నోరు దానంతటదే ఆగిపోయింది.

"వెనక్కి పిలవమ్మా," అన్నాడు లేస్తూ. "ఎటు వెళ్ళాడు?"

"సందు చివర బస్సెక్కేశారు. గుర్తుపట్టి కేకేసేలోపే కదిలిపోయింది."

గేటు పట్టుకుని పెద్దాయన ఖాళీ రోడ్డుకేసి చూశాడు. అడగాలంటే భయమేసింది. అయినా అడిగాడు.

"ఎవరమ్మా అతను?"

"కాలవలో మునిగిన కారులోంచి నన్ను గట్టుకు చేర్చి, మీ అబ్బాయి సీటు బెల్టు కోయడానికి మళ్ళీ మళ్ళీ దూకి, చెయ్యి తెగి నెత్తురోడుతున్నా రానంటుంటే జనం బలవంతాన పైకి లాగారని చెప్పేదాన్ని కదా, ఆయనే మామయ్యా."