అరువు నిప్పు

దేవుడి గూట్లో అగ్గిపెట్టె ఉండగా, తెల్లవారగానే పిడక పట్టుకుని పక్కింటి ఓబక్క దగ్గరికి నిప్పుకు పోవాలంటే నాకు తలకొట్టేసినట్టుండేది. 1955లో పెనుకొండకు కాపురానికి వచ్చినప్పటి నుంచీ అత్త ఆజ్ఞ అది.

ఒంటరి ముసలామె ఓబక్క. పొయ్యిలో బూడిద కదిలిస్తూ, "మీ అత్తకు పుల్ల గీయాలంటే పానం పోతాదే!" అని రోజూ నవ్వేది.

ఒకరోజు విసుగెత్తి, అత్త నీళ్లకు పోయినప్పుడు పుల్ల గీసి పొయ్యి ముట్టించాను.

అత్త బిందె దించింది. "నిప్పు యాడిది?"

"ఒక్క పుల్లకే ఇల్లు మునిగిపోతాదా అత్తా?"

ఆమె అరవలేదు. "నువ్వు పోయి వాకిట్లో నిలబడితేనే ఓబక్క పొయ్యి రాజేసి ఇంత సంగటి చేసుకుంటాది. లేకుంటే ఒక్క కడుపుకు కట్టెలు దండగని పస్తు పండుకుంటాది."

"ముందే చెప్పకూడదా?" ఉక్రోషంగా అడిగాను.

"చెప్తే జాలిమొగంతో పోతావు. ఓబక్క అది కనిపెడితే ఇంక వాకిలి తీయదు."

పక్కింటి కప్పు మీద పొగ లేదు.

అగ్నికి దండం పెట్టుకుని, పొయ్యిలో నీళ్లు చల్లాను. పిడక తీసుకుని ఓబక్క వాకిట్లో నిలబడి అరిచాను.

"ఇంత నిప్పు పెట్టవ్వా! మా అత్త పిసినారితనానికి చస్తాండా!"