ఒడ్డుకొచ్చిన ఈత కాలేజీ

చెరువు మధ్య దిబ్బ మీద ఈత కాలేజీ ఉండేది. చేరాలంటే అక్కడిదాకా ఈదుకుంటూ వెళ్లి అడగాలి. అందుకని ఏటా సీట్లన్నీ బాతుపిల్లలకే.

"ఈత వచ్చినవాళ్లకి కాలేజీ దేనికి మహారాజా? వాగు పొంగితే మునిగేది మేమే కదా!" అని ముంగిస ఏనుగురాజుతో మొరపెట్టుకుంది.

రాజు వెంటనే చట్టం చేశాడు. ఇకమీదట ప్రిన్సిపాలే ఒడ్డుకొచ్చి అడిగినవాళ్లందరినీ చేర్చుకోవాలి.

కుందేళ్లు, ఉడుతలు, పందికొక్కులు ఒడ్డున బారులు తీరాయి. ప్రిన్సిపాల్ గండుపిల్లి మాత్రం దిబ్బ దిగలేదు.

"రండి సారూ!" అని ముంగిస కేకేసింది.

"ఎలా రానే? మా తాతా ప్రిన్సిపాలే, మా నాన్నా ప్రిన్సిపాలే. నన్ను ఈత వచ్చా అని ఎవరూ అడగలేదు!" అని పిల్లి బావురుమంది.

చివరికి తాబేలు వీపెక్కి వచ్చింది. ఆ రోజు పాఠం తాబేలే చెప్పింది. పిల్లి ముంగిస పక్కనే నీళ్లలో నిలబడి, తోక తడవకుండా పైకెత్తి, బుద్ధిగా విన్నది.