హాస్టల్ పప్పు

అన్యాయం చేసినవాడు గిడియోన్. ఆడవాళ్ళు చదవాలని మెదక్ గోడల నిండా కరపత్రాలు అంటించినవాడే, పట్నంలో పెద్ద యూనివర్సిటీలో ఎం.ఏ. సీటొచ్చిన దానమ్మను పోవద్దన్నాడు.

ఇద్దరూ వెళ్ళి క్యాంపస్ చూసొచ్చిన సాయంత్రమే లొల్లి మొదలైంది.

"గంత పెద్ద జాగల తప్పిపోతవ్."

"తప్పిపోతే అడుగుత. నోరున్నది గద!"

"హాస్టల్ల పప్పు నీళ్ళ లెక్కున్నది."

దానమ్మ పకపకా నవ్వింది. "నేను తినే పప్పు గురించి గాదురా! ఇంట్ల నీకెవరు వండుతరని నీ పరేషాన్!"

దొరికిపోయాను. ఆ గిడియోన్‌ను నేనే. నాకూ నవ్వాగలేదు.

మిత్రులారా! నలభై ఆరేళ్ళ మా అమ్మ హాస్టల్‌కు పోతోంది. దారిలోకి పప్పు నేనే వండుతున్నాను. సోమవారం పొద్దున ఆరింటికి అందరూ బస్టాండుకు రండి!