చుక్కమ్మ వేలు

నీళ్ళగిన్నెలో వేలు లేదు. దూదిలో లేదు. ఒళ్ళో పరుచుకున్న తువ్వాలు దులిపినా రాలలేదు. ఆవగింజంత వేలు, పాపం అమ్మమ్మ ఎక్కడని వెతుకుతుంది. గిన్నెలో చుక్కమ్మ మాత్రం కళ్ళు అరమూసుకుని, అత్తారింట్లో కొత్తల్లుడిలా దర్జాగా కూర్చుంది.

చుక్కమ్మ అంటే మనిషి కాదు, మనవరాలు పెంచుకునే బల్లి. గోడలమీద పాకే రకం కాదు. జానెడు పొడుగు, పసుపుపచ్చ ఒళ్ళు, దానిమీద నల్ల చుక్కలు. లెపర్డ్ గెకో అంటారట. కాలేజీ పిల్లలతో కలిసి ఊళ్ళు చూడ్డానికి వెళ్తూ మనవరాలు దాన్ని పక్కింటావిడకి అప్పజెప్పబోతే అమ్మమ్మకి పౌరుషం పొడుచుకొచ్చింది. ఏడుగురు పిల్లల్ని పెంచినదాన్ని ఒక్క బల్లిని సాకలేనా అని తొట్టెతో సహా లాక్కుంది.

"దానికి వేళ్ళ గండం ఉంది అమ్మమ్మా, జాగ్రత్త," అని మరీ మరీ చెప్పింది పిల్ల. ఒంటి చర్మం వదిలేటప్పుడు తొట్టెలో తడిగుడ్డ వేసిన పెట్టె ఉండాలట. ఆ చెమ్మ లేకపోతే పాతచర్మం వేళ్ళకి దారంలా బిగుసుకుని వేలే ఊడిపోతుందట. ఊడిన వేలు మళ్ళీ మొలవదట. అన్నిటికీ అమ్మమ్మ బుద్ధిగా తలూపింది. తీరా పిల్ల గుమ్మం దాటాక ఆ తడిగుడ్డ చూస్తే ఆమెకి ప్రాణం ఒప్పలేదు. పసిబిడ్డ పక్క తడిగా ఉంటే క్షణం ఊరుకునే మనిషా ఆమె. బల్లి అయితే మాత్రం పడిశం పట్టదా అని గుడ్డ పిండేసి, పెట్టె ఎండలో పెట్టి, గలగలలాడేలా ఆరాక లోపల సర్దింది.

ఇంకేముంది, ఒంటిమీది చర్మం ఊడింది గానీ ముందరికాళ్ళకి తెల్లటి మేజోళ్ళు తొడిగినట్టు అక్కడే ఉండిపోయింది. అప్పుడు హడావిడిపడి, పిల్ల చెప్పినట్టే గోరువెచ్చని నీళ్ళు గిన్నె అడుగున పోసి, చుక్కమ్మని అందులో నానబెట్టి, లాగకుండా దూదిపుల్లతో నెమ్మదిగా రాసింది. కుడికాలి మేజోడు చక్కగా వచ్చింది. ఎడమకాలిది ఊడాక చూస్తే చిటికెనవేలు ఉండాల్సినచోట నున్నటి మొద్దు.

"ఏవండీ, దాని వేలు తీసేశానండీ," అంది అమ్మమ్మ.

తాతయ్య పేపరు పక్కన పెట్టి, కళ్ళజోడు సర్దుకుని వంగి చూశాడు. "రక్తం చుక్క లేదే. డాక్టరువి కావలసినదానివే నువ్వు."

"వేళాకోళాలు తర్వాత. సాయంత్రం పిల్ల వస్తుంది. ఇంకెప్పుడైనా నన్ను నమ్మి ఏదైనా చేతిలో పెడుతుందా?"

 తాతయ్య దగ్గర ఒక ఉపాయం ఉంది. బస్టాండు దారిలో చేపలూ పక్షులూ అమ్మే కొట్లో ఇలాంటి బల్లులు ఉన్నాయనీ, దీన్ని అక్కడిచ్చి ఒకటి తెచ్చి తొట్టెలో పెట్టేస్తే సరనీ అన్నాడు. చుక్కలు తేడాగా ఉంటాయి కదా అని అమ్మమ్మ నసిగింది.

"చర్మం వదిలింది కదే. కొత్తచీర కట్టుకుంది అనుకుంటుంది. చుక్కలు ఎవరు లెక్కపెడతారు?"

కొట్టతను మంచివాడే. చుక్కమ్మని అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, వేలు లేకపోతేనేం పెద్దమ్మగారూ, తినడానికి నోరుంది కదా అని, దాన్ని ఉంచుకుని అన్ని వేళ్ళూ ఉన్న బల్లిని ఇచ్చాడు. అమ్మమ్మ దాని వేళ్ళని ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టింది. చుక్కమ్మ ఎప్పటిలాగే ఆమె బొటనవేలు ఒకసారి నాకి, అద్దాలపెట్టెలోకి వెళ్ళింది. దారంతా ఆమె ఆ బొటనవేలిని గుప్పిట్లోనే దాచుకుంది.

ఇంటికొచ్చి కొత్తదాన్ని తొట్టెలో వదిలితే, అది ఒక మూలకి పోయి వీపు తిప్పుకుని కూర్చుంది. ఈసారి అమ్మమ్మ తడిగుడ్డ పెట్టడం మాత్రం మరిచిపోలేదు.

సాయంత్రం మనవరాలు వచ్చింది. బ్యాగు ఇంకా భుజాన ఉండగానే, చుక్కమ్మ ఎలా ఉందని అడిగింది.

"గుండ్రాయిలా ఉంది," అన్నాడు తాతయ్య పేపరు చాటునుంచి. అమ్మమ్మ అటు తిరిగి కర్టెను సర్దింది, అది సరిగ్గానే ఉన్నా.

పిల్ల తొట్టె వైపు పోలేదు. నవ్వుతూ వచ్చి అమ్మమ్మ పక్కన కూర్చుని, చిల్లులు పొడిచిన అట్టపెట్టె ఒకటి ఆమె ఒళ్ళో పెట్టి మూత తీసింది. లోపలినుంచి పసుపుపచ్చ తల ఒకటి బయటికొచ్చి, ఇటూ అటూ చూసి, నేరుగా అమ్మమ్మ బొటనవేలిని నాకింది.

తాతయ్య చేతిలో పేపరు తలకిందులుగా ఉంది. ఇక దాచి లాభం లేదు, చెప్పేద్దామని అమ్మమ్మ పిల్ల చెయ్యి పట్టుకుంది. అంతలో పిల్లే అందుకుంది.

"బస్సు దిగి వస్తుంటే కొట్లో కనబడింది అమ్మమ్మా, వదిలి రాబుద్ధి కాలేదు. మన చుక్కమ్మకి పుట్టిన ఏడాదే ఊడిపోయిందే ఎడమ చిటికెనవేలు, పాపం దీనికీ అచ్చం అదే వేలు లేదు."