పాడైపోయిన ఫారం

"ఐదు మాటలు చెబుతాను. నేను అడిగినప్పుడు మళ్లీ చెప్పాలి. మిరపకాయ, గొడుగు, ఏనుగు..."

"ఆగమ్మా! ఎందుకంత తొందర? మాటకీ మాటకీ మధ్య ఒక్క సెకను ఆగాలి" అన్నాడు ముసలాయన.

నాగజ్యోతి తెల్లబోయింది. ఆమె న్యూరోసైకాలజిస్టు. మెదడు దెబ్బతిన్నవాళ్ల జ్ఞాపకశక్తిని పరీక్షించడం ఆమె పని. బ్రాడీపేటలో క్లినిక్ తెరిచి ఆరు నెలలైంది. పరీక్షకొచ్చి ఏడ్చినవాళ్లున్నారు, విసుక్కున్నవాళ్లున్నారు, ఒకాయనైతే హాయిగా నిద్రపోయాడు. ఆమె తప్పు దిద్దినవాళ్లు మాత్రం లేరు.

ఈసారి నిదానంగా చదివింది. ఆయన తృప్తిగా తలూపాడు.

ఐదు నిమిషాలాగి అడిగితే ఒక్క మాటా చెప్పలేకపోయాడు.

"ఈయన ఏం చేసేవారండీ?" వెంట వచ్చిన శ్యామలాంబను ఆసక్తిగా అడిగింది.

"బుల్లబ్బాయి పెదనాన్నా? హైదరాబాదులో పాఠాలు చెప్పేవాడండీ. ఏం పాఠాలో మాకు తెలీదు. పెళ్లీ పెటాకులూ లేవు, రిటైరయ్యాక ఈ ఊళ్లోనే ఒంటరిగా ఉండేవాడు. మతిమరుపు మొదలయ్యాక మా ఇంటికి తెచ్చుకున్నాం."

బడిపంతులన్నమాట, అనుకుంది నాగజ్యోతి.

"ఇక్కడ మీ పేరు రాయండి" అంటూ తెల్లకాగితం ముందుకు జరిపింది.

ఆయన దాన్ని ముట్టుకోలేదు. పక్కనున్న ఫారం లాక్కుని, కళ్లకు దగ్గరగా పెట్టుకుని ఆసాంతం చదివాడు. ఆమెను ఎగాదిగా చూశాడు. అడుగునున్న గడిలో గొలుసుకట్టుగా ఏదో గీకేశాడు.

"అయ్యో! ఎంత పని చేశారండీ!"

అది న్యూరోసైకాలజిస్టుల సంఘంలో చేరడానికి నింపుకున్న ఫారం. నెలాఖరులోగా పంపాలి. పాత సభ్యుడెవరైనా ఆమె పని చూసి దానిమీద సంతకం చెయ్యాలి. ఈ రెండు జిల్లాల్లో అలాంటి సభ్యుడు రాధాకృష్ణమూర్తి గారొక్కరే. ఆయనకు రాసిన రెండు ఉత్తరాలూ, ఇల్లు మారారని తిరిగొచ్చాయి. సభ్యత్వం లేకపోతే ఆమె రిపోర్టులను ఏ పెద్దాసుపత్రీ లెక్కచెయ్యదు.

కోపం పట్టలేక ఆయన ముందే ఫారాన్ని నాలుగు ముక్కలు చేసింది. ముసలాయన చిన్నబుచ్చుకున్నాడు.

ఎస్టీడీ బూతు నుంచి సంఘానికి ఫోన్ చేసి బతిమాలితే కొత్త ఫారం పంపారు. మూర్తి గారి కొత్త అడ్రసు కూడా వెతికి పంపారు. గడువు ఇంకా రెండు రోజులుందనగా నాగజ్యోతి పెదకాకాని బస్సెక్కింది.

తలుపు తీసింది శ్యామలాంబ.

"మీరా! ఇది... రాధాకృష్ణమూర్తి గారి ఇల్లేనా?"

"మా పెదనాన్న అసలు పేరు మీకెవరు చెప్పారు మేడమ్?"

ఆ రోజు చింపేసిన ఫారం గుర్తొచ్చి నాగజ్యోతి సిగ్గుపడింది. వసారాలో కూర్చున్న ఆయన దగ్గరికెళ్లి, కొత్త ఫారమూ పెన్నూ చేతిలో పెట్టింది.

ఆయన పెన్నును అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏం చెయ్యాలో తెలియక మళ్లీ ఆమెకే ఇచ్చేశాడు.

"పోయిన వారం నుంచి రాయడం కూడా మర్చిపోయాడండీ" అంది శ్యామలాంబ. "ఆ రోజు మీ దగ్గర పెట్టిందే ఆఖరి సంతకం."