మాటలు తీసేసిన రికార్డు

అంబులెన్సులో మా ఆవిడ భ్రమరాంబ చివరిగా ఏదో చెప్పింది. సైరన్ మోతలో నాకు వినపడలేదు. ఇప్పుడు ప్రతి ప్రభుత్వ వాహనమూ మనుషుల మాటలు రికార్డు చేసి దాస్తోంది కనుక, ఆ మాట వినిపించమని జిల్లా సమాచార కార్యాలయంలో అర్జీ పెట్టుకున్నాను.

"వేరొకరి మాటలివ్వాలంటే వాళ్ళే ఒప్పుకోవాలండి. చట్టం అలా ఉంది," అంది గుమస్తా నీలవేణి.

"పోయిన మనిషి ఎలా ఒప్పుకుంటుందమ్మా?"

"ఆ మాట అడిగినందుకే మా ఆఫీసరు నన్ను కసిరారండి. సమాచారం ఉన్న మాటలన్నీ యంత్రం తీసేస్తుంది. మిగిలింది వినిపిస్తాను, కూర్చోండి."

తన కుర్చీ నాకిచ్చి, ఫ్యాను నావైపు తిప్పింది.

రికార్డులో సైరన్ మోత తగ్గించి ఉంది. ముందు నా దగ్గు వినిపించింది. ఆ తర్వాత స్పష్టంగా, "ఏవండీ."

ఉలిక్కిపడ్డాను. కాపురం చేసినన్నాళ్ళూ ఆవిడ నన్ను పేరుపెట్టి పిలవలేదు.

"పేరైతే యంత్రం తీసేసేదండి," అంది నీలవేణి మెల్లగా. "ఆ పిలుపులో సమాచారమేమీ లేదనుకుంది."

మళ్ళీ వినిపించింది, "ఏవండీ."

"ఆఁ, చెప్పు," అన్నాను అలవాటుగా.

ఆవిడ చెప్పే ఉంటుంది. ఆసుపత్రి గేటు దాకా రికార్డులో నిశ్శబ్దమే వినిపించింది.